స్వామివారి కుడి, నా ఎడమ

ఆ రోజుల్లో మా పాలమూరు వైపు మగపిల్లవాడికి కోపం రావడం ఆరోగ్యానికి గుర్తు అనుకునేవారు. ఆ లెక్కన నా అంత ఆరోగ్యవంతుడు వనపర్తిలోనే లేడు. ఎండ మీద కోపం, ఎండలో చెప్పులు లేనందుకు కోపం, చెప్పులు కొనిపెడితే అవి కరిచినందుకు కోపం. ఇప్పుడు వయసు పైబడి, కోపం కంటే ముందు దగ్గు వస్తోంది కాబట్టి శాంతమూర్తిలా కనిపిస్తున్నాను గానీ, ఆ పూవు సంగతి గుర్తొస్తే ఈ వయసులోనూ నా చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నేను పట్నంలో ఇంటర్మీడియెట్ సైన్సు చదువుతున్నాను. చదువంతా ఉర్దూలోనే. ఒకరోజు మా సైన్సు ఉస్తాదు యురేనస్ కథ చెప్పాడు. లెక్క ప్రకారం ఆ గ్రహం ఉండాల్సిన చోట ఉండటం లేదట. కొంచెం అటూ ఇటూ జరుగుతోందట. అది తప్పిన దారిని బట్టి, దాన్ని లాగుతున్న ఇంకో గ్రహం ఎక్కడ ఉండాలో కాగితం మీదే లెక్కగట్టి, దుర్భిణి అటు తిప్పి చూస్తే నెప్ట్యూన్ అక్కడే ఉందట! ఈ దారి తప్పడానికి ఆయన చెప్పిన మాట ‘ఇజ్తిరాబ్’. తర్వాతి గంటలో సాహిత్యం చెప్పే ఉస్తాదు వచ్చి, ప్రియురాలి కోసం నిద్ర పట్టక పొర్లుతున్నవాడి బాధను కూడా ఇజ్తిరాబ్ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకే మాట చేత ఇన్ని చాకిరీలా? వెళ్లి సైన్సు ఉస్తాదును నిలదీస్తే ఆయన గడ్డం నిమురుకుని, “రెండు చోట్లా కనిపించనిదేదో లాగుతూనే ఉంది కదా మియా” అని నవ్వాడు. ఆ నవ్వుకు కూడా కోపం వచ్చింది.

ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాను. నాన్న పోయాక నన్ను పెంచింది పెద్దనాయన. ఆయన దినచర్య ముందు గ్రహాలు దిగదుడుపే. పొద్దున బావి, తర్వాత చేను, మధ్యాహ్నం సద్ద రొట్టె, సాయంత్రం అరుగు. అరుగు మీద ఆయన తుండుగుడ్డ పడిందంటే పక్కింటివాళ్లు పొయ్యి రాజేసేవారు. అలాంటి మనిషి ఆ ఏడు దారి తప్పాడు. శనివారం పూట ఎవరికీ చెప్పకుండా బండి కట్టించి ఎటో పోతున్నాడు. అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి గొడ్లపాకలోకి వెళ్లి, ఎందుకు వచ్చానా అని నిలబడుతున్నాడు. పెద్దమ్మ చారులో ఉప్పు రెండుసార్లు వేస్తోంది (ఆమె ఉప్పు తప్పడం మా వంశంలో ఎవరూ ఎరగరు). నేను కనబడితే మాటలు ఆగిపోతున్నాయి. ఇక చెప్పేదేముంది, యురేనస్ మా ఇంట్లోనే ఉంది! రెండు రోజులు లెక్కలు వేసి, పెద్దనాయనకు ఏదో పెద్ద రోగం వచ్చిందనీ, నాకు తెలియకుండా హకీము దగ్గరకు తిరుగుతున్నాడనీ తేల్చాను. తేల్చిన మరుక్షణం భయం వేసింది. నాకు భయం కూడా కోపంగానే బయటికి వస్తుంది.

“రోగమొస్తే దవాఖానకు పోవాలె గానీ గిట్ల దాస్తరా? నేనేమన్న పరాయోన్నా?” అని వంటింట్లో పెద్దమ్మ మీద అరిచాను.

పెద్దమ్మ గరిటె పట్టుకుని తెల్లబోయింది. “రోగమేందిరా? ఆయనకు రాయసొంటి పానం. నీ పెండ్లి గురించే పరేషాన్ అయితున్నం.”

ఆత్మకూరు సంబంధమట. మంచి కుటుంబమట. శ్రీరంగాపూర్ రంగనాయకస్వామిని పూవు అడుగుతున్నారట. మా వైపు పెద్దవాళ్లకు అదొక పద్ధతి. స్వామి కిరీటం అంచున పూవు పెడతారు. కుడివైపు పడితే సరే, ఎడమవైపు పడితే వద్దు. పోయిన రెండుసార్లూ పూవు కదలనే లేదట. ఈ శనివారం ఆఖరుసారి అడుగుతారట.

“మరి నా చదువు?”

గుమ్మంలో నిలబడ్డ పెద్దనాయన జవాబిచ్చాడు. “పెండ్లయినంక పట్నమేంది? శేనెవరు జూస్తరు? ఎడమకు పడితే పో. నేనడ్డం రాను. దేవుని మాట నీకూ ఒకటే, నాకూ ఒకటే.”

ఆ రాత్రి నాకు పట్టిన కోపం ఇంతా అంతా కాదు. గ్రహాల బరువులు తూచే చదువు చదువుతున్నవాణ్ణి, నా బతుకు ఒక గన్నేరు పూవు ఎటు జారుతుందనే దాని మీద ఉందా! పెద్దనాయన ప్రాణం బాగుందన్న సంతోషం కూడా నిలవలేదు. అయితే కోపంలోనే బుద్ధి మెరిసింది. అంచు మీద ఉన్న వస్తువుకు పెద్ద దెబ్బ అక్కర్లేదు, చిన్న కదలిక చాలు. కుడి పక్కన నిలబడి విసనకర్రతో విసిరితే పూవు ఎడమకు పోతుంది. నేను పట్నం పోతాను. సైన్సంటే ఇది.

శనివారం అందరం వెళ్లాం. ఎండలని ఉత్సవమూర్తిని మండపంలోనే ఉంచారు. ఆత్మకూరు వాళ్లూ వచ్చారు. పిల్లనూ తెచ్చారట, నేను చూడలేదు (కోపంలో ఉన్నవాడికి విగ్రహమే సరిగా కనబడదు, ఇక పిల్లేం కనబడుతుంది). అర్చకుణ్ణి అడిగి విసనకర్ర పుచ్చుకుని, కుడి పక్కన నిలబడి స్వామికి సేవ మొదలుపెట్టాను. “ఎంత భక్తి!” అని ఎవరో ముసలమ్మ గొంతు వినబడింది. పూవు పెట్టారు. అది కదలదు. పళ్లు బిగించి విసిరాను. చెమటలు పట్టాయి. ఆఖరికి పూవు వణికింది, అంచు దాటింది, చక్కగా ఎడమవైపు పడింది.

నా ముఖమంతా నవ్వు. నా అంత సంతోషంగా మండపమంతా “గోవిందా” అంది. అందరూ ఎందుకు సంతోషిస్తున్నారో నాకు అర్థం కాలేదు. ఈలోగా పెద్దమ్మ నా నవ్వు చూసి కళ్లు తుడుచుకుంటోంది.

“స్వామి కుడివైపు అనుగ్రహించాడు” అన్నాడు అర్చకుడు.

“అది ఎడమ!” అని అరిచాను.

“నీకు ఎడమ, నాయనా. మనం అడిగింది నిన్ను కాదు గదా, స్వామిని.”

ఎదురుగా నిలబడ్డవాడి కుడి మన ఎడమ అవుతుందని మా ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నెప్ట్యూన్ దాకా వెళ్లివచ్చిన నాకు తట్టలేదు. తిరుగుదారిలో బండిలో ఎంత ఎగిరినా పెద్దనాయన ఒకటే మాట. “నువ్వే ఇసిరి ఇసిరి తెచ్చుకుంటివి గదరా, ఊరంత జూసె.”

అలా పెళ్లయింది, చదువు ఆగింది. తర్వాత కిందా మీదా పడి బడిపంతులునయ్యాను. మొదట ఉర్దూలో ఇజ్తిరాబ్ చెప్పాను, తెలుగు పుస్తకాలు వచ్చాక దాన్నే ‘సంక్షోభం’ అని చెప్పాను. ఆ మాటనే పత్రికలవాళ్లు బియ్యం కరువుకూ వాడితే ఆ పత్రికల మీదా మండిపడ్డాను. ఇంట్లో ఏ తగువు వచ్చినా మా ఆవిడ కూడా పెద్దనాయన మాటే అనేది. “నేనొచ్చిన్నా? నువ్వే ఇసిరి తెచ్చుకున్నవు.” నిజం చెబితే బాధపడుతుందని ఊరుకునేవాణ్ణి. ఊరుకుని, ఆ కోపం బడిలో పిల్లల మీద చూపించేవాణ్ణి.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్కపోతలో ఆమె మళ్లీ ఆ మాట అనేసరికి ఇక పట్టలేక, “తెచ్చుకున్ననా? పోగొట్టుకుందామనే ఇసిరిన!” అని అరిచేశాను. దగ్గు కూడా వచ్చింది.

ఆమె నీళ్ల చెంబు నా చేతికిచ్చి, “తెల్సు” అంది.

“ఏం తెల్సు?”

“ఎడమకు పడు, ఎడమకు పడు అని గొణుగుతుంటివి. మా అవ్వ చెయ్యి పట్టుకోని నీ ఎన్కనే నిలబడితిని. అంతా ఇన్న. ఓ పిలగా, దేవుని ఎడమ నీ దిక్కే ఉన్నది, అవతలి పక్కకు పోయి ఇసురు అని నోటిదాంక వచ్చింది. మూసుకున్న.”

“ఎందుకు?”

“ఈ సంబంధం తప్పితే రాయచూరు దిక్కు ఒకాయనకు ఇస్తమని మా నాయిన మాటిచ్చిండు. ఆయన పెద్దబిడ్డ నాకంటె పెద్దది.” కొంగుతో మెడ తుడుచుకుంది. “నీకు పట్నం పోవాల్నని కోపం. నాకు లేదా? పూవు కాడ నిన్నన్న నిలబెట్టిన్రు. నన్నెవరడిగిన్రు?”

ఇన్నేళ్లు పెంచి పోషించిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కొంత రాయచూరు ముసలాయన మీదికీ, ఎక్కువ వాళ్ల నాయన మీదికీ పోయింది. ఆ ఇద్దరూ పోయి చాలా కాలమైంది. చెంబు కింద పెట్టి, గోడకున్న విసనకర్ర తీసి ఆమెకు విసరడం మొదలుపెట్టాను.

“ఎటు పడాల్నని ఇసురుతున్నవిప్పుడు?” అంది కళ్లు మూసుకునే.

“తెల్వదు” అన్నాను. ఆ ఒక్క మాట అనడం ఆ మండపంలోని కుర్రవాడికి చేతకాలేదు, పాపం.