బాబాయి కంప్యూటర్‌కి స్పీడు చాలదు

మా వీధి వెంకటప్పయ్య బాబాయికి ఉన్నది ఒకటే పిచ్చి. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌ని స్పీడు చేయాలి. మనిషికి సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఎవరి జోలికీ పోడు. కానీ ఆ డబ్బా ఉదయం లేవడానికి ఎంతసేపు పట్టిందన్నది మాత్రం తిరువూరు మొత్తానికీ తెలియాలి.

అది వాళ్లమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు కొన్నది. ఆ అమ్మాయికి చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, ల్యాప్‌టాప్ కూడా కొనుక్కుంది. ఇది బాబాయికి మిగిలింది. పొద్దున్నే బటన్ నొక్కి స్నానానికి వెళ్లేవాడు. తల తుడుచుకుంటూ వచ్చి చూస్తే ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. నా దగ్గరికి ఇడ్లీకి వచ్చేవాడు. "ఇంకా లేవలేదు అంతోనమ్మా, ఇంకో రెండు వెయ్యి" అనేవాడు. ఆ కంప్యూటర్ వల్ల బాగుపడింది ముందుగా నా ఇడ్లీ వ్యాపారమే.

ఒకసారి ఆయన భార్య రావమ్మ పిన్ని ఆయన్ని బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఏంటండీ బాధ?" అన్నాడు డాక్టరు.

"లేవడానికి చాలాసేపు పడుతోందండి. లేచినా కాసేపు పని చేసి ఆగిపోతోంది."

"మోకాళ్లు చూపించండి."

"నా మోకాళ్లు బానే ఉన్నాయండి. నేను చెప్పేది కంప్యూటర్ సంగతి. మీ బల్ల మీదది ఎంతసేపటికి లేస్తుంది?"

పిన్ని ఆ రోజు నుంచి ఆయనతో కలిసి ఎక్కడికీ వెళ్లడం మానేసింది.

పుట్టింది మొదలు మామిడి తోటలో పెరిగిన మనిషి కదా, వైద్యం కూడా అలాగే చేసేవాడు. లోపల దుమ్ము పట్టిందని ఎవరో చెప్పారు. తోటకి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ భుజాన వేసుకొచ్చి, డబ్బా మూత తీసి, గొట్టం లోపలికి పెట్టి గాలి కొట్టాడు. ట్యాంకు అడుగున మందు మిగిలి ఉందని చూసుకోలేదు. గదంతా మందు వాసన. వారం రోజులు పిన్ని మా వసారాలోనే వంట చేసింది.

"కంప్యూటర్ సంగతేమో గానీ, మా ఇంట్లో బల్లులన్నీ స్పీడుగా పోయాయి" అంది.

ఇంకోసారి కాయ కోతలు అయిపోయాయి. తోటలో కొమ్మలు కత్తిరించి వచ్చిన ఊపులో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"దీనికీ గుబురు ఎక్కువైంది అంతోనమ్మా. గాలీ వెలుతురూ లేదు. పనికిరాని కొమ్మలు తీసేస్తే చూడు, ఎట్లా పరిగెడుద్దో!"

"ఏవి పనికిరానివో ఎట్లా తెలుసుద్ది బాబాయ్ గారూ?"

"పేరు చూస్తే తెలియదూ? నోరు తిరగని పేరున్నవన్నీ పనికిరానివే."

నోరు తిరగని పేరున్న ఫైళ్లన్నీ తీసేశాడు. వాటితోపాటు కంప్యూటర్ ప్రాణం కూడా పోయింది. సెంటర్లో కంప్యూటర్ షాపు ఇమ్మాన్యుయేల్ దాన్ని మళ్లీ బతికించాడు. బతికినా నడక మాత్రం పాత నడకే. అమావాస్యకి ఎడ్లకి సెలవిచ్చినట్టు దానికీ సెలవివ్వడం మొదలుపెట్టాడు బాబాయి. ఆ రోజు పిన్ని టీవీ పెట్టుకున్నా, "పక్కన చప్పుడు చేయకు, దాన్ని పడుకోనీ" అని గుర్రుగా చూసేవాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. జాహెదాని ఇందులోకి లాగాక నాకు నవ్వు ఆగిపోయింది.

జాహెదా ఎదురింటి రోషన్ బీ కూతురు. రోషన్ బీ మిషను కుట్టి పిల్లని డిగ్రీ దాకా చదివించింది. విజయవాడలో ఒక ఆసుపత్రి వాళ్లు పేర్లు రాసే కౌంటర్‌లోకి మనుషుల్ని తీసుకుంటున్నారు. క్రిస్మస్ అయ్యాక టైపింగ్ పరీక్ష. చెయ్యి స్పీడుగా ఉంటేనే ఉద్యోగం. ఆ ఇంట్లో కంప్యూటర్ లేదు. ఈ పిల్లకి ఇదే మొదటి అవకాశం, పోతే ఇంట్లో సంబంధాలు చూస్తారు. అలాంటి పిల్లని పట్టుకుని బాబాయి రోజూ మధ్యాహ్నం తన డబ్బా ముందు కూర్చోబెట్టేవాడు.

"జాహెదా, ఈ కాగితం మొత్తం కొట్టమ్మా. అక్షరం ఎంత ఆలస్యంగా పడుద్దో నేను చూడాలి."

ఆ కాగితాలేంటంటే, పురుగుమందు డబ్బాల్లో మడతపెట్టి వచ్చేవి. ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలు. పాపం ఆ పిల్ల టకటకా కొట్టేది. బాబాయి కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని స్క్రీన్ కేసి చూసేవాడు.

"ఊహూఁ. స్లో. మళ్లీ కొట్టు."

"ఎక్కడ స్లో అయింది అంకుల్?"

"నువ్వు మెల్లగా కొడితే దాని లోపం ఎట్లా తెలుసుద్ది? ఇంకా జోరుగా కొట్టు. కీబోర్డు కేసి చూడకు, కాగితం కేసి చూడు. నువ్వు కిందకి చూసినప్పుడల్లా అది కునుకు తీస్తోంది."

నేను చట్నీ గిన్నె పిన్నికి ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా ఇదే వరస. నాకు ఒళ్లు మండేది. పరీక్ష నెత్తి మీద పెట్టుకుని ఈ పిల్ల ఈయన పిచ్చికి మధ్యాహ్నాలన్నీ ధారపోస్తోంది. నేనేమో కంప్యూటర్ ముందు ఒక్కరోజు కూర్చున్నదాన్ని కాదు. ఆయన స్లో అంటే స్లో అనుకునేదాన్ని.

రోషన్ బీని అడిగాను. "పిల్లని ఎందుకు పంపిస్తున్నావే?"

"పెద్దాయన సాయం అడిగారు అంతోనమ్మా. సాయం చేయకపోతే ఎట్లా?" అంది.

ఇక లాభం లేదనుకున్నాను. బాబాయి ఎవరిదో పెళ్లికని రెడ్డిగూడెం వెళ్లిన రోజు చూసి, ఆ డబ్బాని బాగుచేయిద్దామని పిన్నిని అడిగాను.

"తీసుకుపో తల్లీ. తిరిగి తేకపోయినా ఏమీ అనుకోను" అంది పిన్ని.

డబ్బాని పాత దుప్పట్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని, ఆటోలో ఇమ్మాన్యుయేల్ షాపుకి తీసుకెళ్లాను.

"తమ్ముడూ, దీన్ని ఎట్లాగైనా స్పీడు చెయ్యి. ఒక ఆడపిల్ల బతుకు దీనికింద నలిగిపోతోంది."

ఇమ్మాన్యుయేల్ వైర్లు తగిలించి బటన్ నొక్కాడు. నేను స్టూలు లాక్కుని కూర్చునేలోపల బొమ్మ వచ్చేసింది.

"ఏంటక్కా దీనికి రోగం?" అన్నాడు.

"అదేంటి! అప్పుడే లేచిందా?"

"లేవదా మరి? దసరాకి ముందు మీ బాబాయి గారే తెచ్చారు. పాత డిస్కు తీసేసి కొత్త రకం డిస్కు వేశాను, ర్యామ్ పెంచాను. కొత్త కంప్యూటర్ కూడా ఇంత బాగా నడవదు. పైన దుమ్ము తుడవబోతే మాత్రం చెయ్యి పట్టుకున్నారు. పాతగానే కనపడాలంట."

ఆ డబ్బాని మళ్లీ దుప్పట్లో చుట్టి వాళ్లింటికి తెచ్చాను. గుమ్మంలో బాబాయి. పెళ్లి భోజనం చేసి వచ్చిన మొహం కాదు అది.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"ముందు మీరు చెప్పండి. బాగుపడిన దాన్ని పట్టుకుని స్లో స్లో అని ఈ నాటకం ఏంటి?"

వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ముందు మామూలుగానే అడిగానమ్మా. కంప్యూటర్ ఖాళీగా ఉంది, పిల్లని వచ్చి నేర్చుకోమను అని. రోషన్ బీ ఒప్పుకోలేదు. 'ఊరికే ఎవరి దగ్గరా ఏదీ తీసుకోం అన్నయ్య గారూ' అంది. మర్నాడు వెళ్లి, 'నా కంప్యూటర్ స్లోగా ఉంది, కాస్త టెస్టు చేసిపెట్టమ్మా' అన్నాను. వెంటనే పంపింది."

"మరి కీబోర్డు చూడొద్దని..."

"అట్లా చూడకుండా కొడితేనే స్పీడు వచ్చుద్దని మా అమ్మాయి ఫోన్లో చెప్పింది."

అంతలో ఎదురింటి తలుపు చప్పుడైంది, జాహెదా వస్తోంది. బాబాయి గబగబా వైర్లు తగిలించుకుంటున్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"రా జాహెదా, రా! ఇవాళ మరీ ఘోరంగా ఉందమ్మా. పొద్దుట నొక్కితే ఇప్పటికీ లేవలేదు!" అన్నాను.

"అయ్యో, అవునా అక్కా?" అంది ఆ పిల్ల, నా చంకలో ఉన్న దుప్పటి కేసి చూస్తూ.

ఆ రోజు నుంచి మా వీధిలో ఆ కంప్యూటర్‌ని తిట్టేవాళ్లు ఇద్దరయ్యారు.

పరీక్ష రోజు బాబాయి తోటకి కూడా వెళ్లలేదు. నా దగ్గర ఇడ్లీ తీసుకున్నాడు గానీ తినలేదు. సాయంత్రం రోషన్ బీ గిన్నె నిండా సేమ్యా పాయసం పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"మా పిల్లకి ఉద్యోగం వచ్చింది అన్నయ్య గారూ! అందరికంటే ముందు కొట్టేసిందంట. ఇన్నాళ్లు టెస్టు చేసినా మీ కంప్యూటర్ మాత్రం బాగుపడలేదు, అదే నాకు బాధగా ఉంది."

"దాని రాత అంతేలేమ్మా" అన్నాడు బాబాయి, పాయసం గిన్నెలోకి తల దూర్చేసి.

ఉద్యోగంలో చేరే ముందు ఆదివారం జాహెదా వచ్చింది. వెనకాల పక్క వీధి గ్లోరి. ఇంటరు పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్ల.

"అంకుల్, రేపటి నుంచి నేను రాలేను కదా. మీ కంప్యూటర్‌ని టెస్టు చేయడానికి మనిషి కావాలి కదా. ఈ పిల్లని వాడుకోండి" అంది జాహెదా. మొహంలో ఎక్కడా నవ్వు లేదు.

నేను జాహెదా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి వారమే అక్కా. బాగుందని చెప్తే ఇక రావద్దంటారేమోనని భయం వేసింది."

ఈలోపు గ్లోరి కుర్చీలో కూర్చుని బటన్ నొక్కింది. కళ్లు పెద్దవి చేసింది.

"అదేంటక్కా, వెంటనే వచ్చేసిందిగా? బానే ఉంది!"

"స్లో!" అన్నాం ముగ్గురం ఒక్కసారే.