ఆ ఫోటో వెనుక తేదీ

మొన్న నా పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీకి పోతే, కిటికీ అవతలి అమ్మాయి స్టాంపు ప్యాడు మూత తీసింది. ఆ ఊదారంగు సిరా వాసన ముక్కుకు తగలగానే పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాను. ఎండ దెబ్బేమోనని ఎవరో మంచినీళ్ళిచ్చారు. ఎండా కాదు, పాడూ కాదు. ఖాదర్ సారు గుర్తొచ్చారు.

డెబ్భైల చివర, చిత్తూరులో ఒక ఆఫీసు పెన్షన్ సెక్షన్లో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు ఆయన మా సూపరింటెండెంటు. జేబు మీద ఎప్పుడూ సిరా మరక. అర్జీ ఎంత తప్పులతడకైనా సరే, తెచ్చిన మనిషి ఎదుటే ముందు తేదీ స్టాంపు వేయాలి. ఫోటో వెనుక పేరు, ఊరు, తేదీ రాయాలి. "ముందు తేదీ ఎయ్యమ్మా. తప్పులు యాడికీ పోవు, తీరిగ్గా పట్టుకోవచ్చు. తేదీ పోతే వాళ్ళ నోటికాడి కూడు పోతాది" అనేవారు. ఆలస్యంగా అర్జీ పెట్టుకున్నవాళ్ళకు అది అందిన రోజు నుంచే పెన్షన్ వచ్చేది, వెనకటి బకాయి రాదు. అందుకే ఆయనకు ఆ పట్టుదల.

ఆయన బెణికిన చేతికి కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు వెళ్ళిన రోజున మంగమ్మ వచ్చింది. ఏర్పేడు దగ్గర పల్లెబడిలో అటెండరుగా పనిచేసిన మనిషి భార్య. భర్త పోయి అప్పటికి మూడేళ్ళు. ఇల్లు వానకు కూలిపోతే మరిది పశువుల కొట్టంలో ఉంటోంది. అలవాటుగా ఫోటో వెనుక వివరాలు రాసి, తిప్పి చూశాను. నుదుట రూపాయంత బొట్టు! "భర్త పోయినామెకు బొట్టేమిటి? వేరే ఫోటో తీయించుకుని రా" అన్నాను. అలాంటి రూలు ఏ పుస్తకంలోనూ లేదు. నా మొహం, అది నా సొంత తెలివి. స్టాంపు వేయకుండానే కాగితాలు తిరిగిచ్చేశాను. జనం తోసుకొస్తుంటే ఫోటో నా సొరుగులోనే ఉండిపోయింది.

రెండేళ్ళకు మళ్ళీ వచ్చింది. కొత్త ఫోటోలో బోసి నుదురు, దించిన కళ్ళు. ఈసారి ఖాదర్ సారే స్టాంపు వేశారు.

"ఇన్నేండ్లు ఏం జేస్తా ఉన్నావమ్మా?"

"ముందే వచ్చినా సామీ. ఫోటో చెల్లదన్నారు. ఈ మొగంతో స్టూడియోలో కూసోడానికి పానం ఒప్పలేదు." నా వైపు చూసింది కానీ నా పేరెత్తలేదు.

సరిగ్గా అప్పుడే కొత్త ఉత్తర్వు వచ్చింది. గడువు తేదీలోపు అర్జీ పెట్టుకుని ఉంటే, ఆలస్యమైనా సరే, భర్త పోయిన రోజు నుంచీ బకాయి ఇవ్వవచ్చని. మంగమ్మ మొదటి రాక గడువు లోపలే, రెండోది గడువు దాటాక. "ఆమె ముందొచ్చినట్టు చిన్న ఆధారం దొరికితే చాలు. కూలిన ఇల్లు మళ్ళా కట్టుకుంటాది" అంటూ సారు వారంపాటు కట్టలన్నీ విప్పించారు. ఆధారం నా సొరుగులో ఉంది. నాది ఇంకా ప్రొబేషనే. ఉద్యోగం పోతుందన్న భయంతో సొరుగుకు తాళం వేసుకున్నాను. చివరికి ఆయనే, 'మొదటి అర్జీ వెనక్కి పోవడం నా పొరపాటు' అని నోటు రాశారు. ఆధారం లేదని పై ఆఫీసు బకాయి కొట్టేసింది. సారుకు ఇంక్రిమెంటు ఆపేసింది.

మంగమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. "పోనీలేమ్మా. ఆ పాత ఫోటో ఉంటే ఇయ్యి. మా ఆయన పక్కన నిలబడి దిగిన ఫోటో అది. నన్ను మాత్రం కత్తిరించి తెచ్చినా. మళ్ళా అతికించుకుంటా."

"లేదు" అన్నాను. దాని వెనుక నా రాత ఉంది మరి.

సారు రిటైరైన రోజు, అందరూ వెళ్ళాక, ఏడుస్తూ ఫోటో ఆయన చేతిలో పెట్టాను. వెనక్కి తిప్పి తేదీ చదివారు.

"రాసే అలవాటు నేనే కదమ్మా నేర్పించింది. నీకాడే ఉంటాదని తెల్సు. నువ్వే తెస్తావని ఆ వారమంతా సూసినాను."

కోప్పడి ఉంటే బతికిపోయేదాన్ని. "ఇప్పుడైనా పో. ఆమెతో మళ్ళా అర్జీ పెట్టించు" అని ఫోటో తిరిగిచ్చారు.

మర్నాడే మొదటి బస్సుకు వెళ్ళాను. ఆమె పోయి నెలైందని కొట్టం ముందు మరిది చెప్పాడు. ఆ జంట ఫోటోలో మిగిలిన సగం ఆమెతోపాటే మట్టిలో పెట్టారట.

తర్వాత నేనూ సూపరింటెండెంటునయ్యాను. నా సెక్షన్లో తేదీ పడకుండా ఒక్క కాగితమూ వెనక్కి పోలేదు. చూసినవాళ్ళు ఖాదర్ సారు శిష్యురాలని మెచ్చుకునేవారు, నేను తల వంచుకునేదాన్ని. మొన్న ఆ అమ్మాయి నా కాగితం మీద తేదీ కొట్టి, "ఫోటో ఉందా అమ్మా?" అని అడిగింది. సంచిలో చేయి పెడితే మొదట మంగమ్మే చేతికొచ్చింది.