డిసెంబరులో పూసిన రసాల చెట్టు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకుందామంటే చోటు లేదు. ఎవరికి చెప్పాలో ఆ మనిషితోనే ఒకే వంటింట్లో మసలుతున్నాను. అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, అదే నా ధైర్యం.

మాది నూజివీడు దగ్గర పల్లె. కరుణ నా తోడికోడలు. హనుమాన్ జంక్షన్‌లో లారీల హోరు మధ్య పెరిగిన పిల్ల. చెట్టూ చేమా సంగతి ఏదైనా నన్నే అడిగేది. నేను చెప్పిందే ఆమెకు వేదవాక్యం.

ఇద్దరం ఒకే టీవీ సీరియల్ చూసేవాళ్లం. ఆ పాత్రలతో అభిమానులు సొంతంగా కథలల్లే గ్రూపు ఒకటి ఫోనులో ఉంది. ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. డిసెంబరు వస్తే అన్నీ క్రిస్మస్ కథలే. అక్కడ నేను, కరుణకు కూడా చెప్పకుండా, మారుపేరుతో కథలు రాసేదాన్ని, అందరి కథల మంచిచెడ్డలూ రాసేదాన్ని. పండగ కథల్లో మంచి ఏమిటంటే, సీరియల్ వాళ్లు ఏళ్ల తరబడి ఏడిపించే కోడల్ని ఇవి ఒక్క పూటైనా కూర్చోబెట్టి అన్నం వడ్డిస్తాయి. చెడ్డేమిటంటే, పండగ రాగానే గయ్యాళి అత్త కూడా మారిపోతుంది, అంట్లు మాత్రం ఎవరూ తోమరు. ఇలా రాసి మెప్పు పొందేదాన్ని.

ఆరేళ్ల కిందటి డిసెంబరులో కొత్త పేరుతో ఒక కథ వచ్చింది. బిడ్డ కడుపులోనే పోయిన కోడల్ని, క్రిస్మస్ ముందు రోజు తోడికోడలు పెరట్లోకి తీసుకెళ్లి, వేళ కాని వేళ పూసిన రసాల మామిడిని చూపిస్తుంది. రెమ్మ విరిచి, పశువుల పాక బొమ్మలో బాలయేసు పక్కన పెడుతుంది.

మధ్యలో ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాను. ఆ పెరడు మాది. కరుణ బిడ్డ పోయిన ఏడు ఆ రెమ్మ విరిచింది నేనే. ఆమె కథలు రాస్తుందని కూడా నాకు తెలియదు.

మురిసిపోవాలి కదా నేను? నన్నెంత మంచిదాన్నిగా రాసింది! కానీ ఆ కథ నా కథకన్నా బాగుంది. అందులో కోడలు అంట్లు తోముతూ ఏడుస్తుంది. నేనెప్పుడూ ఎత్తిచూపే లోపం ఒక్కటీ లేదు. తప్పు పట్టడానికి చోటు దొరకక, లేని తప్పు పుట్టించాను. రసాల చెట్టు క్రిస్మస్‌కి పూయడమా, మామిడితోటల్లో పుట్టి పెరిగినదాన్ని, నన్ను నమ్మండి, ఇది కాకమ్మ కథ అని రాశాను. గ్రూపంతా నవ్వింది. మర్నాటికి ఆ కథ లేదు, ఆ పేరూ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పండక్కి గులాబీ పువ్వులు వండుతూ, అచ్చును నూనెలో ముంచుతూ కరుణ అడిగింది.

“అక్కా, నా బిడ్డ పోయిన ఏడు మన రసాల చెట్టు క్రిస్మస్‌కి పూసింది కదా? నువ్వు రెమ్మ కూడా పెట్టావు కదా?”

“నేనా? కాగితం పూలు కదే పెట్టింది. ఆ ఏడు నీ మనసు మనసులో లేదులే.”

“అంతేనంటావా? నాకు కళ్లకు కట్టినట్టుందక్కా.”

“అంతేనే.”

ఆమె అచ్చును మళ్లీ నూనెలో ముంచింది. అప్పట్నుంచి ఏ చిన్న సంగతి చెప్పినా, “నాకు సరిగ్గా గుర్తుండదు గానీ” అని మొదలుపెడుతుంది.

ఎందుకలా అన్నాను? దొరికిపోతానన్న భయంతోనని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. కాదు. ఆమె తన కళ్లకన్నా నా మాటనే నమ్ముతుందని తెలిసే అన్నాను. నిజం చెబితే ఆ విమర్శ రాసిందీ నేనేనని చెప్పాలి. చెప్పాక ఆమె ఎదుట ఎలా నిలబడను? చెప్పకుండా మాత్రం ఎలా నిలబడుతున్నాను? ఏటా డిసెంబరులో ఆమెకన్నా ముందు పెరట్లోకి వెళ్లి ఆ చెట్టును చూసొస్తాను. మామిడి మీద బతికే ఇంట్లో, పూత వద్దని ప్రార్థన చేసుకునే మనిషిని నేనొక్కదాన్నే.

ఈ ఉదయం తూర్పు కొమ్మ చివర పూత కనిపించింది. విరిచేద్దామని చెయ్యి చాపాను. విరవలేకపోయాను. లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. ఇంకాసేపట్లో కరుణ బట్టలారేయడానికి అక్కడికే వెళుతుంది. చూసి నన్ను అడుగుతుందో, అడగకుండానే ఊరుకుంటుందో తెలియదు. క్షమాపణ కోసం రాయడం లేదు. ఈ మాట ఒక్కసారైనా నా చేత్తో రాస్తే ఊపిరాడుతుందని రాస్తున్నాను.

ఆ ఏడు చెట్టు పూసింది. రెమ్మ నేనే పెట్టాను. కరుణకు అంతా సరిగ్గానే గుర్తుంది.