ఐసు మీద నిలిచిన నెత్తురు

నవంబరు పదహారు, సోమవారం. రాత్రి నుంచి ముసురు. పొద్దున్నే కోళ్ల గూడు కడిగి బూడిద చల్లాను. చేతులు కడుక్కుంటుండగా పక్కింటికి ఫోను వచ్చింది. తెనాలిలో మేడం పోయారు.

రేపల్లెలో ప్యాసింజరెక్కి వెళ్లి, సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాను. అక్కడ ఒకాయన లేచి, "మేడం గారు అందరితో సర్దుకుపోయిన మనిషండి" అన్నాడు. నోటితో చెప్పలేనివి రోజూ ఈ పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఈ రోజుది మాత్రం నలుగురూ చదవాలనే రాస్తున్నాను. ఆవిడ సర్దుకుపోలేదు.

బాపట్లలో కోళ్ల, బాతుల జబ్బులు పరీక్షించే చిన్న ల్యాబుకి ఆవిడ పెద్ద. నేను అటెండరుని, ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఫ్లూ వైరస్ పెంచిన గుడ్లలోంచి నీరు తీసి, ప్లేటు గుంటల్లో కోడి నెత్తురుతో కలపడం నా పని. వైరస్ ఉంటే నెత్తురు కణాలను పట్టుకుని గుంట నిండా పల్చటి వలలా పరుస్తుంది. లేకపోతే కణాలు అడుక్కి జారి ఎర్ర బొత్తాంలా కూర్చుంటాయి. ప్లేటు చూసేటప్పుడు మేడం ఊపిరి బిగబట్టేవారు.

ఎనభై ఏడు ఎండాకాలం. రేపల్లె వైపు పొలాల్లో మేసే బాతుల నమూనా. పదకొండుంబావుకి వల పరిచింది. టైము వేసి ల్యాబు పుస్తకంలో రాసుకున్నాను. కరెంటు పోయింది, గది కొలిమిలా ఉంది. ఒంటిగంటకు పై అధికారి వచ్చి చూస్తే అన్నీ బొత్తాలే.

"ఏంటయ్యా, వైరస్ ఏది? కలగన్నావా?"

పుస్తకం చూపించాను. నవ్వాడు. "మేడం, ఏడో తరగతి వాడి కళ్లు నమ్మి సంతకం పెడతారా? నమూనా పాడుచేశాడని రాయండి, ఇంటికి పంపేద్దాం."

ఇంట్లో ఆ ఉద్యోగమే ఆధారం.

"సంతకం నాదండి. నేను నమ్మేదీ ఆ కళ్లనే. ఒక్క పూట ఆగండి" అన్నారు మేడం. తన క్యారేజీలో అన్నం నా ముందు బోర్లించి, "తినేసి ఇంకో రెండు ప్లేట్లు కలుపు తమ్ముడూ" అని, ఖాళీ క్యారేజీతో ఎండలో బయల్దేరారు. చేపలవాళ్ల దగ్గర ఐసు నింపుకుని, తడిసిన చీరతో తిరిగొచ్చారు.

రెండు ప్లేట్లలోనూ వల పరిచింది. ఒకటి ఐసు మీద పెట్టారు, ఇంకోటి బల్ల మీదే వదిలారు. సాయంత్రానికి బల్ల మీది వల తెగి బొత్తాలైంది. ఐసు మీది నెత్తురు అలాగే నిలిచింది.

"వైరస్ ఒంటి మీద రెండు రకాల ముళ్లున్నాయండి" అన్నారు అధికారితో. "ఒకటి కణాన్ని పట్టుకుంటుంది. రెండోది ఆ పట్టునే కోస్తుంది. చల్లదనానికి కోత నిదానించింది. ఈయన చూసిందీ నిజమే, మీరు చూసిందీ నిజమే."

ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"పట్టుకున్నదాన్ని మళ్లీ కోసుకోవడమేంటండి, పిచ్చిపని కాదూ?" అని అడిగాను. ఆవిడ నా పంచె అంచుకు పట్టిన ఉత్తరేణి గింజలు చూపించారు. "ఇవి నిన్ను పట్టకపోతే ఇంత దూరం రావు. వదలకపోతే ఎక్కడా మొలవవు. పట్టు మరీ గట్టిదై కోత చాలకపోతే, కొత్తగా పుట్టిన వైరస్‌లు పుట్టినచోటే ఒకదానికొకటి అతుక్కుని ఉండిపోతాయి. కోత ఎక్కువైతే కణంలోకి దిగేలోపే జారిపోతాయి. రెండూ సరితూగితేనే పెరుగుతుంది. ఒకటి మారితే రెండోది కూడా మారాల్సిందే తమ్ముడూ."

ఆనాటి నుంచి ప్రతి రిపోర్టు కిందా 'చూసినది' అని నా పేరు రాసేవారు. అధికారి కొట్టేసి వెనక్కి పంపేవాడు. ఆవిడ మళ్లీ రాసేవారు. ప్రమోషను రాలేదు. రిటైరైన రోజు చివరి రిపోర్టులో కూడా నా పేరుంది.

సర్దుకుపోయిన మనిషట!

ముసురు కాస్త తెరిపిచ్చింది. దండెం మీది పంచె అంచంతా ఉత్తరేణి గింజలు. మేడం మట్టి దగ్గర నిలబడినప్పుడు పట్టుకున్నవే, తెనాలి నుంచి ఇంత దూరం వచ్చాయి. ఉతికేముందు పెరట్లో దులపాలని పంచె తీసుకుని గుమ్మం దాకా వెళ్లాను. అంచు చేత్తో పట్టుకుని, గింజలన్నీ పెరటి తడిమట్టిలో రాలేలా దులిపాను.