మట్టి కప్పని గింజలు

వీధి చివరి దర్జీ అక్క తాడును చూసినా పామనుకునే రకం. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూస్తుంది. కుట్టిన బొత్తానికి ఇంకో ముడి వేస్తుంది. ఆసుపత్రిలో చేరేముందు చెల్లెలు ఆమె చేతిలో ఒక ఎండు పువ్వు పెట్టింది. కోసి ఏడాదైనా దాని పసుపు వెలిసిపోలేదు, రేకులు కాగితంలా గరగరలాడుతున్నాయి. “దీని గింజలు మొలిచేసరికి వచ్చేస్తానక్కా” అంది. పిట్టలు తినేస్తాయేమోనని అక్క సగం గింజలను కుండీలో వేలెడు లోతున పాతి, పైన ఇంకో దోసెడు మట్టి కప్పింది. ఇరవై రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూసినా మొలక లేదు.

చివరికి పక్కింటి తోటమాలి కుండీ గీకి చూశాడు. “ఇది ఎండను నమ్ముకున్న మొక్కమ్మా. గింజకు వెలుతురు తగలాలి. నువ్వేమో భయపడి పూడ్చేశావు” అన్నాడు.

మిగిలిన గింజలను మట్టిమీద ఊరికే చల్లుదామని ఎండలో కూర్చుని అరచేతిలో పోసుకుంది. నూగు పట్టిన ఆ గింజలు దుమ్ముకన్నా తేలిక. అప్పుడే ఫోన్ మోగింది.

“మొలిచాయా అక్కా?” చెల్లెలి గొంతు బాగా నీరసించింది.

“ఆఁ, మొలిచాయే” అంది అక్క. ఇంకొక్క మాటంటే చేతిలోవి ఎగిరిపోతాయేమోనని ఊపిరి బిగబట్టి కూర్చుంది.