పులి కథకు ఊ కొట్టిన మా అన్న

మా అన్న పత్తి ఏరుతూ ఏరుతూ చేనులోనే కూలిపోయిన రోజు మా ఇంట్లో చీకటి పడింది సహోదరులారా! మెదడులో నరం చిట్లిందన్నారు, ప్రాణం నిలిచింది గానీ తెలివి నిలవలేదు, కట్టుకున్న భార్యను గోడను చూసినట్టు చూసేవాడు. ఒక్కటే మిగిలింది. బచ్చన్నపేట దిక్కు నన్ను కోతలోడు అంటారు, మొసలికి బీడీ ముట్టించానని చెప్పే నోరు నాది, ఆ కోతలకు చిన్నప్పటి నుంచి ఊ కొట్టింది మా అన్న. ఇప్పటికీ చెవి దగ్గర పులి కథ ఎత్తుకుంటే చాలు, మాటమాటకూ 'ఊఁ' అనేవాడు!

అది మా బావ కనిపెట్టాడు, మా అక్క భర్త. రోడ్డు పక్కనున్న అన్న రెండెకరాల మీద అతని కన్ను, ఆ రెండెకరాలే వదినకు కూడు.

"జర సమజ్ చేస్కో బామ్మర్దీ. ఆఫీసుల మేడమ్ అడిగినప్పుడు నువ్వు చెవుల పులి కథ జెప్పు. గాయన ఊ కొడ్తడు, నా పేరు మీద అమ్మకం అయిపోతది. రెండు గుంటల జాగ నీది!"

మందిరంలో ముందు వరుసలో కూర్చునే నేను ఆశపడ్డాను! పింఛన్ కాగితాలని వదినకు చెప్పి అన్నను ఆటోలో తీసుకుపోయాము.

"పెద్దాయనా, ఈ భూమి ఇష్టపడే అమ్ముతున్నవా?" అని తహసీల్దార్ మేడమ్ అడిగారు.

"చెవులు మందం మేడమ్, తమ్ముడు చెప్తెనే ఇనవడ్తది" అన్నాడు బావ.

నేను వంగి "పులి లేసింది అన్నా" అని గుసగుసలాడాను. "ఊఁ" అన్నాడు. "తోక నా చేతికి దొర్కింది." "ఊఁ."

మేడమ్ వేలిముద్ర మిషన్ జరిపారు. బావ అన్న బొటనవేలు పట్టుకున్నాడు. అన్న నన్నే చూసి నవ్వాడు, ఆ తర్వాత పులి ఏం చేసిందో నేను చెబుతానన్న ఆశతో! నా గుండె చప్పుడు మహబూబాబాద్ దాకా వినిపించింది. కాదు, గేటు దాకా.

"ప్రభువా, ఈ నోరు నువ్వు తీసుకో" అని లోపల మొరపెట్టి, అందరికీ వినపడేటట్టు అడిగాను.

"అన్నా, నిన్ను బాయిల నూకుమంటవా?"

"ఊఁ" అన్నాడు, అదే నవ్వుతో.

"మేడమ్, గాయనకు ఏం తెల్వది. ఇందాక నేను చెప్పింది పులి కథ" అని చేతులు జోడించాను. ఆమె మిషన్ వెనక్కి లాగేశారు.

"థూ! నీకు ఇయ్యాల్నే నిజం యాదికొచ్చిందా ర?" అని బావ పళ్ళు నూరాడు.

తెలివి కోల్పోయిన మనిషి భూమిని భార్య కూడా తనంతట తాను అమ్మలేదు, హైకోర్టుకు పోవాలని మేడమే చెప్పారు. వదిన కాళ్ళ మీద పడి అంతా ఒప్పుకున్నాను, ఆమె నెల రోజులు నాతో మాట్లాడలేదు, అయినా వకీలు దగ్గరికి తోడు పోయాను. డాక్టర్లు అన్నను పరీక్షించారు, అధికారులు ఇంటికొచ్చి విచారించారు, బావ అడ్డు తగిలాడు, మేము ఉపవాసముండి ప్రార్థించాము, చివరికి కోర్టు వదినను సంరక్షకురాలిగా నియమించి, కోర్టు అనుమతి లేకుండా ఎవరూ ఆ భూమి అమ్మకూడదని రాసింది. దేవునికే మహిమ!

ఈసారి ఆ చేనులో వదిన మక్కజొన్న వేసింది. మీ ఇంట్లో తెలివి తప్పిన తల్లో తండ్రో ఉంటే, వారి బదులు ఏ నిర్ణయమైనా చేసే ముందు మోకరించండి ప్రియులారా. నన్ను ఆఫీసు బల్ల దగ్గర ఆపిన ప్రభువు మిమ్మల్ని ఇంటి గడపలోనే ఆపగలడు, ఆయనను నమ్మి అడగండి!