ఎదురు మేడమీది టవరు

పోయిన ఆదివారం మా ఏలూరు అపార్ట్‌మెంటులో మీటింగు పెట్టారు. మేడమీద సెల్ టవరు పెట్టుకోనివ్వాలా వద్దా అన్నది సంగతి. కింద పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, సమోసాలు తెప్పించి, అరగంట పాటు సమోసాల గురించి మాట్లాడుకున్నాక విషయానికొచ్చారు. ఒకావిడ తలనొప్పులొస్తాయేమో అంది. ఒకాయన శ్లాబు బరువు మోస్తుందా అన్నారు. మూడో అంతస్తు పెద్దాయన ఒకరు కుర్చీ నా పక్కకి లాక్కుని, గొంతు తగ్గించి, "మీరు టెలిఫోన్లలో చేసి రిటైరయ్యారు కదండీ, నిజం చెప్పండి. మనం ఇంట్లో మాట్లాడుకునేవన్నీ అది వింటుందాండీ?" అని అడిగారు. విన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. తాడేపల్లిగూడెంలో మా బాబాయి ఇలాగే కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇదే గొంతుతో, ఇలాంటి మాటే ఒకప్పుడు నన్నడిగాడు.

బాబాయికి గూడెం బజార్లో కిరాణా హోల్‌సేలు కొట్టుండేది. కింద కొట్టు, పైన కాపురం. లోపలికి వెళ్ళేకొద్దీ చీకటి, బెల్లం వాసన, ఎండుమిరపకాయల ఘాటు. మనిషి మంచివాడే కానీ దేన్నీ నమ్మేవాడు కాదు. గ్యాస్ బండ వస్తే ముందు కొట్టులో కాటా మీద పెట్టించేవాడు. కాఫీ గింజలు తన కళ్ళముందు ఆడిస్తేనే కొనేవాడు. కరెంటు బిల్లు వచ్చిన రోజున ఇంట్లో స్విచ్చులన్నీ కట్టేయించి, మీటరు తిరుగుతోందేమోనని దాని ఎదురుగా నిలబడేవాడు. ఉక్కపోతకి తట్టుకోలేక పిన్ని వీధరుగు మీద కూర్చుని విసురుకుంటూ, "మా పెళ్ళిలో మంగళసూత్రాలు గీటురాయి మీద గీయించి మరీ కట్టారయ్యా మీ బాబాయి. అవి చేయించింది వాళ్ళేనాయె!" అని చెప్పేది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అందరూ స్వీటు పెట్టమంటే, బాబాయి మాత్రం "మీ టెలిఫోనువాళ్ళు లైన్లలో మాటలు వింటారటగా?" అన్నాడు.

ఇంత అనుమానం మనిషీ నమ్మినవాడు ఒక్కడే, ఎదురుగా స్టీలు సామాన్ల కొట్టాయన. చుట్టరికమేమీ లేకపోయినా ఇద్దరూ "బావగారూ" అంటే "బావగారూ" అనుకునేవారు. సాయంత్రం బేరాలు పలచబడ్డాక బాబాయి కొట్టుముందు బల్ల మీద చేరి అల్లం టీ తాగేవారు. పెద్దగా మాట్లాడుకునేవారు కూడా కాదు. ఆయన కొట్టు నించి వచ్చిన గిన్నెని బాబాయి ఒక్కసారైనా తిరగేసి చూడగా నేను చూడలేదు.

ఆ ఎదురు మేడమీద టవరు లేచింది. పెట్టుకోమంటారా అని ఆయన ముందే అడిగారట. వేళాకోళమనుకుని పెట్టండి పెట్టండి అన్నాట్ట బాబాయి. తీరా అది నిలబడేసరికి మాత్రం, తన తలుపులోంచి చూస్తే ఎప్పుడూ కనపడే ఆకాశంలో ఒక ముక్క ఎవరో పట్టుకుపోయినట్టు మొహం పెట్టాడు. పైగా వీధి వీధంతా ఫోన్లు బాగా మోగుతున్నాయి, బాబాయి కొట్టులో మాత్రం సిగ్నలు గీత ఒకటి వస్తోంది, పోతోంది. నన్ను ఏలూరు నించి పిలిపించాడు. "ఆ పలకలు మనవైపు తిప్పొద్దని ఆయనే చెప్పుంటాడ్రా" అన్నాడు, ఎదురు కొట్టుకి వినపడకుండా.

నేను ఓపిగ్గా చెప్పాను. టవరంటే ఉత్త ఇనప స్తంభం. పనంతా దానికి తగిలించిన వాటిది. పైన తలుపు చెక్కల్లా నిలువుగా కనపడేవి యాంటెన్నాలు. మూడు దిక్కులకి మూడు, ఒక్కోదానికి కొన్ని వీధులు అప్పగించినట్టు. వాటి వెనక సూట్‌కేసుల్లా ఉన్నవి రేడియోలు. మాటని తరంగాలుగా మార్చి వదిలేవీ, మన ఫోన్ల నించి వచ్చే తరంగాల్ని పట్టుకునేవీ అవే. అక్కణ్ణించి తీగలు కిందికి దిగి, బీరువాలాంటి దాంట్లో ఉన్న యంత్రానికి చేరతాయి. ఏ ఫోను ఎక్కడుంది, ఎవరికి ఎప్పుడు వంతివ్వాలన్నది అది చూసుకుంటుంది. కరెంటు పోతే బ్యాటరీలు, అవీ అయిపోతే జనరేటరు. అన్నీ కలిపి బేస్ స్టేషన్ అంటారు. పైనున్న పలకలు దూరానికి చూస్తుంటాయి కాబట్టి కాళ్ళదగ్గరున్న ఇళ్ళకి కొంచెం తక్కువ అందడం మామూలే. దానికితోడు నీ కొట్టు లోతు, గోడలు మందం, గోడల నిండా బస్తాలు. అంతా విని బాబాయి "ఓహో, అలాగా" అన్నాడు. కంపెనీ సేల్సువాళ్ళు కొత్త సబ్బు గురించి చెప్పినప్పుడు కూడా అలాగే అనేవాడు.

నేను వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, నాకు తెలియకుండా, ఒక పని చేశాడు. పిన్ని తరఫు దూరపు చుట్టం ఒకతను బెజవాడలో సెల్‌ఫోను సామాన్లు అమ్ముతాడు. సిగ్నలు పెంచే పెట్టె అని ఒకటి తెచ్చి బిగించి వెళ్ళాడు. మేడమీద టవరుకేసి చూస్తూ చిన్న యాంటెన్నా, అక్కణ్ణించి తీగ, కొట్టులో పంచదార బస్తాల వెనక పెట్టె. "ఎవరికీ చెప్పకండి బాబాయిగారూ, అందరూ పెట్టేసుకుంటే మీకు తగ్గిపోతుంది" అన్నాట్ట. అది బాబాయికి ఎంతో సబబుగా తోచింది. మేడమీద నీళ్ళ ట్యాంకు చాటున, యాంటెన్నా మీద సిమెంటు గోతం కప్పించాడు. లోకాన్నంతా గీటురాయి మీద గీసి చూసిన మనిషి, ఆ ఒక్కణ్ణీ ఒక్క ప్రశ్న అడగలేదు.

బాబాయి ఫోన్లో గీతలన్నీ నిండి, అది బాగా పలకసాగింది. వీధిలో మిగతా ఫోన్లు మూగబోయాయి. మాట మధ్యలో తెగిపోవడం, ఒకరి మాట ఒకరికి వినపడకపోవడం, డబ్బులు పడ్డాయని చెప్పే స్పీకరు పెట్టెలు పలకకపోవడం. కొనుక్కునేవాడు పంపానంటాడు, అమ్మేవాడు రాలేదంటాడు. అనుమానం అంటుజాడ్యంలా వీధంతా పాకింది. కొత్త సిమ్ములు అమ్ముకోడానికి కంపెనీవాళ్ళే చేస్తున్నారన్నాడు టైలరు. ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు సినిమాలు లాగేస్తున్నారన్నాడు మందుల షాపాయన. పిన్ని పావురాల్ని అనుమానించింది. కానీ అందరి చూపులూ తిరిగి తిరిగి టవరున్న మేడమీదే ఆగేవి. అద్దెకి ఆశపడి నాసిరకం సరుకు పెట్టించుకున్నాడని స్టీలు కొట్టాయన్ని అనడం మొదలెట్టారు. బాబాయి కాదనలేదు. తన ఫోను బాగానే పలుకుతోంది కదా అంటే, "వాడకంలో ఉంటుందండీ" అనేవాడు.

ఆ రోజుల్లోనే స్టీలు కొట్టాయన అక్కగారికి సుస్తీ చేసింది. ఆవిడది కొల్లేటి ఒడ్డున, ఆకివీడు అవతల ఒక ఊరు. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే. ఉన్నట్టుండి ఆయాసం వచ్చి ఏలూరు ఆసుపత్రిలో చేర్చారు. కొడుకు పొద్దున్నించీ మావయ్యకి ఫోను చేస్తూనే ఉన్నాడు. అందుబాటులో లేరన్న మాటే వినపడుతోంది. ఆయనేమో తన కొట్టులో, ఫోను జేబులో పెట్టుకుని, గిన్నెల మీద దుమ్ము దులుపుతూ కూర్చున్నారు. చివరికి ఫోన్లు పలికే రైల్వేస్టేషను వైపున్న ఎవరో తెలిసినవాళ్ళకి చెప్పి, వాళ్ళు మోటారు సైకిలు మీద వచ్చి కబురందించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన ఏలూరు చేరేసరికి ఆవిడ లేదు. తమ్ముడు వచ్చాడా అని అడుగుతూనే ఉందట.

బాబాయి వెళ్ళి పలకరించి వచ్చాడు, కళ్ళు తుడుచుకున్నాడు కూడా. కానీ అనుమానం అతన్ని అప్పుడూ వదల్లేదు. కర్మకాండలు అయ్యాక ఒక సాయంత్రం బజార్లో నలుగురూ టవరు మాటెత్తితే, "ఆ టవరు పెట్టించుకున్న ఫలితం ముందు ఆయనకే తగిలింది" అనేశాడు. ఎదురు కొట్టులో ఆయన గిన్నెలు సర్దుతున్నారు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఒక్కసారి ఇటు చూసి, లోపలికి వెళ్ళిపోయారట. ఆ మర్నాటి నించి బల్ల మీద ఆయన చోటు ఖాళీ.

టవరు తీయించేయాలని వీధివాళ్ళు పట్టుబట్టారు. బాబాయి పెద్దరికం వహించాడు, మనవాడూ ఉండాలని నన్నూ రప్పించాడు. ఆవేళ కంపెనీ నించి ఇద్దరొచ్చారు. ల్యాప్‌టాపుతో ఒక ఇంజనీరమ్మాయి, చేపముల్లులాంటి యాంటెన్నా పట్టుకుని ఒకతను. నేనూ వాళ్ళతో ఎదురు మేడెక్కాను. పరికరాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అమ్మాయి తెర చూపించింది. రెండు పలకలు నిమ్మళంగా ఉన్నాయి. వీధివైపున్న మూడోదానికి మాత్రం ఎడతెరిపి లేని రొద. స్టీలు కొట్టాయన మెట్లమీద నిలబడి, "మా వల్ల ఏదన్నా తప్పు జరిగిందాండీ?" అని మాత్రం అడిగారు. లేదండీ అన్నాను. నమ్మారో లేదో తెలియలేదు.

కిందికి దిగి రొద ఎటునించి వస్తోందో వెతకడం మొదలెట్టారు. బాబాయి హుషారుగా ముందు నడిచాడు, వాళ్ళకి సోడాలు కొట్టించాడు. చేపముల్లుని ఎదురు కొట్టుకేసి తిప్పితే యంత్రం ఊరుకుంది. బాబాయి కొట్టుకేసి తిప్పితే కీచుమంది.

"ఇటు కాదండీ, టవరు అటుంది" అన్నాడు బాబాయి.

"టవరు సంగతి మాకు తెలుసండీ. దాని చెవిలో అరుస్తున్నదెవరో వెతుకుతున్నాం" అన్నాడతను.

బాబాయి మేడ మెట్లెక్కి, నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి, గోతం తీశారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అది మాదేనండీ. అది సిగ్నలు తెస్తుందండీ, పాడుచేయదు" అన్నాడు బాబాయి, ఇంకా నమ్మకంగానే. అమ్మాయి మెత్తగా చెప్పింది. "టవరు మాట్లాడటం తేలికేనండీ, వినడమే కష్టం. ఫోన్లవి సన్నటి గొంతులు. మీ పెట్టె రోజల్లా అరుస్తుంటే మిగతావాళ్ళ గొంతులు దానికి వినపడవు. అందుకే అనుమతి లేకుండా ఇవి పెట్టుకోకూడదండీ." కింద కొట్టులో ఉన్న పెట్టెకి కరెంటు తీయించారు. తెరమీద రొద చప్పున అణిగిపోయింది. కాసేపటికి కింద వీధిలో ఒక ఫోను మోగింది, తర్వాత ఇంకోటి, టైలరు కొట్టులో మరోటి. పిట్టగోడ పట్టుకుని బాబాయి ఆ మోతలన్నీ విన్నాడు.

"అయితే ఆవేళ వాళ్ళక్కగారి కబురు..." అన్నాడు నాతో.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "టవరు ఆయన ఫోన్ని పిలిచే ఉంటుంది బాబాయ్. ఫోను తిరిగి పలికే ఉంటుంది. ఆ పలకడమే టవరుకి వినపడి ఉండదు" అన్నాను.

కంపెనీవాళ్ళు ఆ పెట్టె తీసుకెళ్ళబోతే, ఒక్క నిమిషం ఉండమని తనే చేతుల్లోకి తీసుకున్నాడు. తీగలు నేలమీద ఈడుస్తూ వీధి దాటి, ఎదురు కొట్టు గల్లామీద పెట్టాడు. నేను వెనకే వెళ్ళాను. "బావగారూ, మీ అక్కగారి కబురు మీకు అందకుండా చేసింది ఇదండీ. మా మేడమీదిది. నేనే పెట్టించాను."

ఆయన పెట్టెకేసి చూశారు. "తెలిసి పెట్టారాండీ?"

"లేదండీ."

"తెలియకుండా పెట్టినదానికి నేనేమీ అనలేనండీ. మీరు బజార్లో అన్న మాట మాత్రం తెలిసి అన్నదే కదా." ఆ తర్వాత, గొంతు పెంచకుండానే, "అది ఇక్కడ పెట్టకండి, తీసుకెళ్ళండి" అన్నారు.

బాబాయి ఆ సాయంత్రమే బజారంతా తిరిగి, తప్పు తనదని కొట్టు కొట్టుకీ చెప్పాడు. టైలరు నవ్వాడు, మందుల షాపాయన తిట్టాడు, రెండూ పడ్డాడు. కానీ రోజూ ఎదురుగా తలుపు తీసే మనిషి తలెత్తి చూడకపోవడం అతన్ని లోపల్నించి తినేసింది. పప్పు రుచి చూసి వంకలు పెట్టడం కూడా మానేశాడని పిన్ని నాకు ఫోను చేసి ఏడ్చింది.

ఏడాది తిరిగొచ్చింది. అక్కగారి సంవత్సరీకానికి ఎవరూ పిలవకపోయినా వెళ్తానన్నాడు బాబాయి. ఏలూరు వచ్చి నా కారెక్కాడు. చేపల చెరువుల మధ్య గట్టుదారి, మేతబస్తాల వాసన, నీళ్ళమీద తెల్లటి కొంగలు. అక్కగారి ఊళ్ళో పందిట్లోకి వెళ్ళకుండా బయట చెరువు గట్టునే, ఎండలో నిలబడిపోయాడు. నేను రమ్మన్నా రాలేదు. కొంతసేపటికి స్టీలు కొట్టాయనే తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చారు. "ఎండ మండిపోతోందండీ, లోపలికొచ్చి కూర్చోండి. ఆవిడుంటే మిమ్మల్నిలా నిలబడనిచ్చేది కాదు" అన్నారు. బాబాయి ఆయన చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన చేయి వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత ఇద్దరికీ మాటలు కలిశాయి. అయితే మునుపటిలా పక్కపక్కన ఊరికే కూర్చోవడం మాత్రం మళ్ళీ రాలేదు. మధ్యలో నిశ్శబ్దం వస్తే ఎవరో ఒకరు గబుక్కున ఏదో ఒకటి మాట్లాడేసేవారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. కాలం గడిస్తే అన్నీ మరుపున పడతాయని చాలాకాలం నమ్మాను కానీ, అది ఏదీ మరిపించలేదు. మరవలేనిదాని పక్కనే కూర్చుని ఇంకొన్నేళ్ళు బతకడం మాత్రం వాళ్ళిద్దరికీ మెల్లగా అలవాటు చేసింది.